ఇజ్రాయెల్ మోషావ్ ఖర్జూరం: అపోహలు, వాస్తవాలు

డ్రిప్ పని మీద అనంతపురం ఖర్జూరం తోటలకు వెళ్తే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ఇజ్రాయెల్ వాళ్లు ఎడారిలోనే పండిస్తారంట కదా సార్!" పండిస్తారు. జోర్డాన్ లోయలోని అర్గమాన్ అనే చిన్న ఊరిని పట్టుకుని ఆ సంగతి చెబుతాను.

అపోహ: అక్కడ అంతా ఉమ్మడి ఆస్తి.

అది కిబ్బుట్జ్ పద్ధతి. అర్గమాన్ మోషావ్. ఎవరి ఇల్లు, ఎవరి సాగు వాళ్లదే. ఎరువులు కొనడం, పంట అమ్మడం లాంటివి సంఘం ద్వారా. మన పాల సొసైటీకి దగ్గర.

అపోహ: ఎవరికీ పట్టని ఖాళీ ఎడారిలో రైతులు వేసుకున్న ఊరు.

1967 యుద్ధంలో జోర్డాన్ నుంచి ఇజ్రాయెల్ చేతికొచ్చిన వెస్ట్ బ్యాంక్ నేల అది. 1968లో అక్కడ ముందు దిగింది నహల్ అనే సైనిక విభాగం. తుపాకీతో పాటు పార కూడా పట్టే కుర్రాళ్లు. ఊరి పేరులో కూడా ఆ లోయలో చనిపోయిన ఇద్దరు సైనికాధికారులు, అరిక్ రెగెవ్, గాద్ మనెలా ఉన్నారు. పౌరులు వచ్చింది తర్వాత. ఆ చుట్టుపక్కలే జిఫ్త్లిక్ అనే ఊళ్లో పాలస్తీనా రైతుల పొలాలున్నాయి. ఇజ్రాయెల్ దీన్ని వివాదాస్పద భూమి అంటుంది. ఆ నేలలో ఇజ్రాయెల్ ఇలా వేసిన ఊళ్లు, అంటే సెటిల్‌మెంట్లు, అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2004లో, మళ్లీ 2024లో అభిప్రాయం చెప్పింది. నాకైతే న్యాయస్థానం మాటే బలంగా కనిపిస్తుంది.

అపోహ: డ్రిప్ వేస్తే పంట దానంతటదే వస్తుంది.

డ్రిప్ అమ్ముకునే నేనే చెబుతున్నా, రాదు. పైపులోకి ముందు నీళ్లు రావాలి కదా! ఆ లోయలో లోతైన బోర్లతో పాటు శుద్ధి చేసిన మురుగునీటినీ తోటలకు పెడతారు. ఖర్జూరం కాస్త ఉప్పునీటిని తట్టుకుంటుంది కాబట్టి సరిపోతోంది.

ఇక చాకిరీ. అక్కడ పండించే మెడ్జూల్ అనే ఖర్జూరం రకానికి మగచెట్టు పుప్పొడిని ఆడచెట్టు పూగుత్తులకు మనిషే అందించాలి. పిందె పడ్డాక లిఫ్ట్ మీద నిలబడి, గెలలోని ఒక్కో రెమ్మా పట్టుకుని, కొన్ని పిందెలే ఉంచి మిగతావి వేళ్లతో గిల్లేయాలి. బొటనవేలంత లావు కాయ అలా వస్తుంది. సెటిల్‌మెంట్ తోటల్లో ఈ పని చేసేవాళ్లలో చాలామంది పాలస్తీనా కూలీలు, థాయ్ కూలీలు. సంఘంలో సభ్యత్వం వాళ్లకు లేదు.

అపోహ: మెడ్జూల్ ఇజ్రాయెల్ రకం.

కాదు, మొరాకోది. అదే లోయలోని జెరికో పట్టణం చుట్టుపక్కల పాలస్తీనా రైతులూ పండిస్తారు. అందుకే పెట్టె మీద ఏం రాశారన్నది పెద్ద గొడవ. సెటిల్‌మెంట్ సరుకైతే ఒట్టి 'ఇజ్రాయెల్' అంటే చాలదు, సెటిల్‌మెంట్‌దని కూడా రాయాలని 2019లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం తేల్చింది.