ఆడవాళ్ల మారథాన్ రికార్డులో కాళ్లదెంత, షూలదెంత

ఆదివారం పొద్దున్నే కబ్బన్ పార్కులో పరిగెత్తేవాళ్ల కాళ్లకేసి చూస్తే బెంగళూరు జీతాలెంతో తెలిసిపోతుంది. లావు సోలు, కళ్లు జిగేల్‌మనే రంగులు, జత ఇరవై వేలు దాటిన ప్లేట్ షూలు, అంటే సోలు లోపల కార్బన్ పలక పెట్టినవి. మన తెలుగు బ్యాచ్‌లో లాంగ్ రన్ అయ్యాక ఇడ్లీల దగ్గర ఎప్పుడూ ఒకటే గొడవ, ఈ రికార్డులు మనుషులు కొట్టినవా షూలు కొట్టినవా అని. ముఖ్యంగా ఆడవాళ్ల మారథాన్ మీద. పదహారేళ్లు ఉలుకూ పలుకూ లేని రికార్డు 2019 నుంచి 2024 లోపు ఐదున్నర నిమిషాలు దిగిపోతే అనుమానం రాదా మరి. కాకపోతే అందరూ ఆ చివరి ఐదున్నర నిమిషాల దగ్గరే ఆగిపోతున్నారు, దాని ముందు గంటకి పైగా ఎలా తగ్గిందో ఎవరూ అడగరు.

1966లో బాబీ గిబ్ అనే అమెరికా అమ్మాయి బోస్టన్ మారథాన్‌కి అప్లై చేస్తే, ఆడవాళ్ల ఒళ్లు అంత దూరం తట్టుకోదని నిర్వాహకులు ఉత్తరం రాసి పంపించేశారు. ఆమె ఊరుకోలేదు, స్టార్ట్ దగ్గర పొదల్లో దాక్కుని, మగాళ్లు సగం మంది వెళ్లాక గుంపులో కలిసిపోయింది. అప్పట్లో ఆడవాళ్ల రన్నింగ్ షూ అనేదే షాపుల్లో లేదు, అందుకని ప్రాక్టీస్‌కి నర్సులు వేసుకునే బూట్లు వాడి, రేసు కోసం మగపిల్లల జత ఒకటి కొనుక్కుంది. కొత్త షూతో 42 కిలోమీటర్లంటే ఏమవుతుందో తెలిసిందే, కాళ్లు బొబ్బలెక్కాయి. ఆ కాళ్లతోనే 3:21:40, అంటే మూడు గంటల 21 నిమిషాల 40 సెకన్లు. నంబర్ లేదు కాబట్టి ఆ రోజు ఎవరూ లెక్కలో వేసుకోలేదు. తర్వాతి ఏడాది కేథరిన్ స్విట్జర్ నంబర్‌తోనే పరిగెడుతుంటే రేసు అధికారి వెంటపడి దాన్ని పీకెయ్యబోయిన ఫోటో చాలామంది చూసే ఉంటారు. బోస్టన్‌లో ఆడవాళ్లకి అధికారికంగా తలుపు తెరిచింది 1972లో, ఒలింపిక్స్‌లో అయితే 1984 దాకా ఆగాల్సొచ్చింది.

తలుపు తెరిచాక టైములు ఎలా పడ్డాయో చూడండి. నార్వే ట్రాక్ రన్నర్ గ్రేటె వైట్జ్ 1978లో న్యూయార్క్‌కి వచ్చింది, అప్పటికి ఆమె ఎప్పుడూ 20 కిలోమీటర్లకి మించి పెద్దగా పరిగెత్తింది లేదు. మొదటి మారథానే 2:32:30, ప్రపంచ రికార్డు. ఫినిష్ దాటాక షూలు విప్పి మొగుడి మీదకి విసిరేసి, ఈ పిచ్చి పని ఇంకెప్పుడూ చెయ్యనని అరిచిందట. ఆ తర్వాత అదే న్యూయార్క్‌లో మొత్తం తొమ్మిదిసార్లు గెలిచింది, అది వేరే సంగతి. 1985లో ఇంగ్రిడ్ క్రిస్టియాన్సెన్ 2:21:06కి దించితే అది పదమూడేళ్లు నిలిచింది. 2001లో నవోకో తకహాషి 2:19:46తో 2:20 గోడ బద్దలు కొడితే సరిగ్గా వారానికే కేథరిన్ న్డెరెబా దాన్ని దాటేసింది.

ఇక బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్. 2003 లండన్‌లో 2:15:25, పల్చటి సోలు రేసింగ్ షూలతో. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో గొప్ప పరుగు ఇదే. దాని మీదా పేచీ వచ్చింది, షూ గురించి కాదు, పక్కన మగ పేసర్లు, అంటే వేగం తగ్గకుండా తోడు పరిగెత్తేవాళ్లు, ఉన్నారని. 2011లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య దాన్ని రికార్డుల్లోంచి తీసేద్దామనుకుని, గోల జరిగాక వెనక్కి తగ్గింది. అప్పట్నుంచి ఆడవాళ్లకి రెండు ఖాతాలు, మగవాళ్లతో కలిసి పరిగెత్తిన రేసులకొకటి, ఆడవాళ్లు మాత్రమే ఉన్న రేసులకొకటి.

షూ కథ మొదలైంది 2016, 17 ప్రాంతంలో, నైకీ వేపర్‌ఫ్లై అనే షూతో. అందరూ కార్బన్ ప్లేటు ప్లేటు అంటారు గానీ అసలు మాయ ఎక్కువగా సోలులోని మెత్తటి ఫోమ్‌లో ఉంది. ల్యాబ్‌లో నొక్కి చూస్తే నైకీదే పాత రేసింగ్ షూ మనం పెట్టిన శక్తిలో 66 శాతం దాకా వెనక్కిస్తే ఇది 87 శాతం ఇచ్చింది. శక్తి ఖర్చు 4 శాతం తగ్గుతుందన్న ఆ ఫేమస్ లెక్క ఉంది కదా, కొలరాడో యూనివర్సిటీలో అది తేల్చింది 18 మంది రన్నర్ల మీద, పద్దెనిమిది మందీ మగాళ్లే! బాబీ గిబ్ మగపిల్లల షూ కొనుక్కున్న యాభై ఏళ్ల తర్వాత కూడా అదీ పరిస్థితి. విచిత్రం ఏంటంటే తర్వాత ఏటా టాప్ రన్నర్ల టైములు తీసి చూస్తే మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువ లాభం కనిపించింది.

2019 అక్టోబర్‌లో చికాగోలో బ్రిజిడ్ కోస్గీ అలాంటి షూతోనే 2:14:04 కొట్టింది, రాడ్‌క్లిఫ్ కంటే 81 సెకన్లు తక్కువ. మూడు నెలలకే రూల్స్ వచ్చాయి: సోలు 40 మిల్లీమీటర్లు దాటకూడదు, ప్లేటు ఒకటే. 2023 బెర్లిన్‌లో తిగిస్త్ అసెఫా 2:11:53, కాళ్లకి 138 గ్రాముల అడిడాస్, ధర 500 డాలర్లు, అదీ ఒక్క మారథాన్‌కే అని కంపెనీయే చెప్పింది. ఫినిష్‌లో ఆమె షూ విప్పి చేత్తో పైకెత్తి చూపించింది, అంతకంటే యాడ్ ఏం కావాలి. 2024లో రూత్ చెప్‌న్గెటిచ్ 2:09:56. తర్వాత 2025 మార్చి శాంపిల్‌లో నిషేధిత మందు దొరికి ఆమెకి మూడేళ్ల బ్యాన్ పడింది, రికార్డు అంతకుముందుది కాబట్టి అలాగే ఉంది. మా బ్యాచ్‌లో అందరూ దీన్నీ షూల ఖాతాలోనే కలిపేస్తారు, అది తప్పు, రెండూ వేర్వేరు అనుమానాలు.

షూయే అంతా చేస్తుందనేవాళ్లు మన దేశం లెక్క కూడా చూడాలి. ఓ.పి. జైషా 2015 జనవరిలో ముంబైలో 2:37:29తో పందొమ్మిదేళ్ల నేషనల్ రికార్డు కొట్టింది, అదే ఏడాది ఆగస్టులో బీజింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 2:34:43కి దించింది. అప్పటికి వేపర్‌ఫ్లై మార్కెట్లోకే రాలేదు. ఆ తర్వాత ప్లేట్ షూలు మనవాళ్లకీ వచ్చాయి, జైషా టైమ్‌ని మాత్రం ఇంకా ఎవరూ దాటలేదు.