ఆయిల్ మూత కింద తెల్లని మీగడ: అపోహలు – వాస్తవాలు

పోయిన ధనుర్మాసంలో ఒక ఉపాధ్యాయురాలు తన కారును ఏలూరులోని మా షెడ్డుకు తీసుకొచ్చారు. కారు కొని ఐదేళ్లయినా పదిహేను వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. ఇంటి నుంచి బడికి రెండు కిలోమీటర్లు, మళ్లీ ఇంటికి రెండు. అంతకుముందు వేరే చోట ఇంజన్ ఆయిల్ మూత తీసినప్పుడు లోపల మీగడలా తెల్లగా పేరుకుని కనిపించిందట. హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్ దింపాల్సిందేనని అక్కడివారు చెప్పారు. హెడ్ అంటే ఇంజన్ పై భాగం, గాస్కెట్ అంటే దానికీ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు. అది పోతే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్ ఆయిల్‌లో కలిసి తెల్లబడవచ్చు. ఆవిడ ఆ ఖర్చు కోసం గాజులు తాకట్టు పెట్టే ఆలోచనతో వచ్చారు.

ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి చూశాను. ఆయిల్ తేనె రంగులో ఉంది. కూలెంట్ డబ్బాలో మట్టం గీతకు సరిగ్గా ఉంది. మూత గుడ్డతో తుడిచి, బైపాసు మీద నలభై కిలోమీటర్లు నడిపి వచ్చాం. మళ్లీ తీస్తే మూత పొడిగా ఉంది. ఆ ఇంజనుకు ఏ జబ్బూ లేదు. ఇలాంటి బండ్లకు అనవసరంగా హెడ్ దింపించుకున్నవారిని ఇరవై రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాను. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: మూత కింద తెలుపు కనిపిస్తే హెడ్ గాస్కెట్ పోయినట్లే.

వాస్తవం: ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. అందులో అధిక భాగం ఆవిరిగా సైలెన్సర్ నుంచి పోతుంది. కొద్ది భాగం మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే ఛాంబర్‌లోకి జారుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే ఆ ఆవిరిని బ్రీదర్ పైపు, పీసీవీ వాల్వ్ (ఆ ఛాంబర్‌లోని ఆవిర్లను పంపేసే వాల్వ్) బయటికి లాగేస్తాయి. వేడెక్కకముందే బండి ఆపేస్తే ఆవిరి ఎక్కడికీ పోలేక చల్లని చోటు వెతుక్కుంటుంది. ఉడుకుతున్న అన్నం గిన్నె మూత తీసి చూడండి, లోపలి వైపంతా చుక్కలే. ఇంజనుకు అలాంటి చల్లని మూత ఈ ఆయిల్ మూత. అది ఇంజన్ నెత్తిన ఉండే ట్యాపెట్ కవరుపైన, మంటకు దూరంగా, గాలి తగిలే చోట ఉంటుంది. అక్కడ చేరిన నీటి చుక్కలూ, ఎగిరిపడే ఆయిల్ తుంపరలూ కలిసి చిలికినట్లయి మీగడ కడతాయి.

సీఎన్‌జీ కార్లకు ఇది ఇంకా ఎక్కువ. కిలో పెట్రోలు మండితే సుమారు 1.4 కిలోల నీరు వస్తే, దాదాపు మీథేన్ మాత్రమే అయిన సీఎన్‌జీ కిలోకు రెండు కిలోల పైనే వస్తుంది. లంబసింగి, ఆదిలాబాద్ చలిలో తిరిగే బండ్లకూ ఇంతే. అమెరికాలో, కెనడాలో ఉన్న మనవాళ్లయితే మంచు కాలం రాగానే మూత ఫోటోలు పంపి కంగారుగా అడుగుతుంటారు. వారిని నేను మొదట అడిగేది, రోజూ బండి ఎంత దూరం నడుస్తోందనే.

అపోహ: మరి గాస్కెట్ పోయిందో లేదో హెడ్ దింపితేగాని తెలియదు.

వాస్తవం: హెడ్ దింపడం చివరి పని. దానికి ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. మొదట డిప్‌స్టిక్. మూత మీద తెలుపు ఉండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగా ఉంటే సగం భయం తీరినట్లే. డిప్‌స్టిక్ మీద కూడా ఆయిల్ పాలెక్కువైన టీ రంగులోకి మారి, మట్టం పై గీత దాటి ఉంటే ఇంజన్ అసలు స్టార్ట్ చేయకండి. కూలెంట్‌లోని గ్లైకాల్ అనే రసాయనం క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) బేరింగుల మీది ఆయిల్ పొరను తెంచేస్తుంది. అలా పది కిలోమీటర్లు నడిపినా గాస్కెట్ ఖర్చు కాస్తా ఇంజన్ ఖర్చవుతుంది.

తర్వాత కూలెంట్. వారం రోజులు ప్రతి ఉదయం, బండి పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు, డబ్బా మీద గీత పెట్టి చూడండి. కింద చుక్క కారకుండా మట్టం తగ్గిపోతూ ఉంటే అది ఎక్కడికో లోపలికే పోతోంది. ఇంజన్ వేడెక్కిన తర్వాత కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో దట్టమైన తెల్లపొగ రావడం, చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన కాసేపటికే రేడియేటర్ గొట్టం రాయిలా గట్టిపడటం, కూలెంట్‌లో ఆగకుండా బుడగలు రావడం, వేడి ముల్లు పైకెక్కడం, వీటిలో రెండు కలిసి కనిపిస్తే అనుమానించడం సబబే.

అప్పుడైనా పరీక్షలు చేయమని అడగండి. కూలెంట్ మూత మీద ముద్రించిన ఒత్తిడి వరకు పంపుతో గాలి కొట్టి పావుగంట ఉంచితే, లీకు ఉన్నచోట ముల్లు పడిపోతుంది. రేడియేటర్ మూతి దగ్గర నీలి ద్రవం గొట్టం పెడితే, మంట నుంచి వచ్చే వాయువు తగిలి ద్రవం పసుపు రంగులోకి మారుతుంది. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, కొలిచి చూడటం ఎలాగూ ఉంది. ఈ మూడూ కలిపి ఒక పూట పని. చేతిలో ఏ పరికరం లేకపోయినా, డిప్‌స్టిక్ నుంచి రెండు చుక్కల ఆయిల్ తీసి బాగా కాలిన ఇనుప రేకు మీద వేయండి. నీళ్లుంటే పోపు గింజల్లా చిటపటలాడుతుంది, లేకపోతే నిశ్శబ్దంగా పొగ వస్తుంది. కళ్లకు అద్దాలు మాత్రం తప్పనిసరి.

గాస్కెట్ ఒక్కటే దోషి కాదని కూడా చెప్పాలి. చాలా డీజిల్ ఇంజన్లలో ఆయిల్ కూలర్‌లో ఒక పక్క ఆయిల్, మరో పక్క కూలెంట్ పారుతుంటాయి. నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడే ఎక్కువ కాబట్టి, లోపల చిల్లు పడితే మొదట కూలెంట్ డబ్బాలో గోధుమ రంగు జిగురు తేలుతుంది. కూలర్ మారిస్తే తీరే జబ్బుకు హెడ్ విప్పి, లేత్ షాపుకు పంపి, తిరిగి బిగించాక కూడా ఆ జిగురే కనిపించిన బండ్లు నా దగ్గరికి వచ్చాయి.

అపోహ: మూత శుభ్రంగా ఉంటే గాస్కెట్ బాగున్నట్లే.

వాస్తవం: కూలెంట్ నేరుగా సిలిండర్‌లోకి కారి మండిపోతే, లేదా ఇంజన్ పక్క నుంచి బయటికి కారితే, ఆయిల్‌లో తెలుపు కనిపించదు.

అపోహ: మన ఎండలకు థర్మోస్టాట్ వాల్వ్ అవసరం లేదు, తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది.

వాస్తవం: ఈ మాట ఎన్ని ఇంజన్లను పాడు చేసిందో చెప్పలేను. థర్మోస్టాట్ చాలా ఇంజన్లలో 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అంతవరకు కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపి, ఇంజన్ త్వరగా వేడెక్కేలా చూస్తుంది. దాన్ని తీసేస్తే కూలెంట్ మొదటి నిమిషం నుంచే రేడియేటర్ చుట్టూ తిరుగుతుంది. ఆయిల్ నీటిని వదిలించుకునేంత వేడికి చేరదు, మూత కింద మీగడ ఏడాది పొడవునా కడుతూనే ఉంటుంది, పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది. బండి కొత్తగా కొన్నవారూ పాతది కొన్నవారూ వాల్వ్ లోపల ఉందో లేదో ఒకసారి చూపించుకోండి. అది పాడైతే కొత్తది వేయించాలి తప్ప తీసి పారేయకూడదు.

అపోహ: రోజూ పది నిమిషాలు బండి నిలబెట్టి స్టార్ట్ చేసి ఉంచితే చాలు.

వాస్తవం: నిలబెట్టి నడిపితే ఆయిల్ సరిగా కాగదు, పైగా కొత్త నీరు చేరుతుంది. కూలెంట్ ముల్లు మధ్యకు వచ్చాక కూడా ఆయిల్ కాగడానికి చాలాసేపు పడుతుంది. వారానికొకసారి ముప్పై, నలభై కిలోమీటర్లు ఆగకుండా నడపండి. తక్కువ తిరిగే బండికి కిలోమీటర్ల లెక్క చూడకుండా ఏడాదికొకసారి ఆయిల్ మార్చండి.

అపోహ: తెలుపు కనిపిస్తే డీజిల్ పోసి ఇంజన్ కడిగేయాలి.

వాస్తవం: వద్దు. ఎంత వంచినా మూలల్లో డీజిల్ మిగిలి కొత్త ఆయిల్‌ను పల్చన చేస్తుంది.

అపోహ: మోటారు సైకిళ్లకు, స్కూటర్లకు కూడా గాస్కెట్ పోతేనే ఇలా అవుతుంది.

వాస్తవం: గాలితో చల్లబడే ఇంజనులో కూలెంటే ఉండదు, ఇక అది ఆయిల్‌లో ఎలా కలుస్తుంది? అక్కడ తెలుపు ఉంటే చిన్న దూరాల తిరుగుడో, వాటర్ వాష్ నీరో, వాన నీరో కారణం. కూలెంట్ ఉన్న బైకులకైతే వాటర్ పంపు సీలు చూడాలి.

వరదలో మునిగిన బండి సంగతి మాత్రం వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మా షెడ్డుకు లాక్కొచ్చిన కార్లలో ఆయిల్ పాలలా తెల్లబడి ఉంది. నీరు దిగగానే తాళం తిప్పినవారి ఇంజన్లలో పిస్టన్లను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్లు వంగాయి, ఎందుకంటే సిలిండర్‌లో నిండిన నీరు గాలిలా నలగదు. ఒకాయన మాత్రం బ్యాటరీ వైరు ఊడదీసి, తాళం ముట్టుకోకుండా లాగించుకొచ్చారు. ప్లగ్గులు విప్పి సిలిండర్లలోని నీరు తీసేశాం, ఎయిర్ ఫిల్టర్ గొట్టాలు ఆరబెట్టాం, క్రాంకును చేత్తో తిప్పి చూశాం. ఆయిల్, ఫిల్టర్ వరుసగా మూడుసార్లు మార్చాక డిప్‌స్టిక్ మీద తేనె రంగు తిరిగి వచ్చింది. ఆ కారు ఇప్పటికీ అదే ఇంజనుతో నడుస్తోంది.