చెవిటి గుర్రం, వదులు పగ్గం

1996లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో జరిగిన ఎన్‌ఆర్‌హెచ్‌ఏ ఫ్యూచురిటీలో, అంటే జాతీయ రైనింగ్ గుర్రాల సంఘం మూడేళ్ల గుర్రాలకు పెట్టే పోటీలో, గుర్రం ఒకటి రెండో స్థానంలో నిలిచింది. రికార్డుల్లో దాని పేరు కర్నల్స్ స్మోకింగన్. అందరూ పిలిచేది గన్నర్ అని. దాని మీద స్వారీ చేసినాయన క్లింట్ హేవర్టీ. ఆ గుర్రానికి చెవులు వినపడవు.

ఇందులో వింతేముందో తెలియాలంటే రైనింగ్ సంగతి కొంచెం చెప్పాలి. పశువుల మందలను కాసే కౌబాయ్‌ల పని నుంచి పుట్టిన పోటీ ఇది. గుర్రం పెద్ద వలయాల్లో వేగంగా, చిన్న వలయాల్లో నెమ్మదిగా పరుగెత్తాలి. నిలబడ్డచోటే గిరగిరా తిరగాలి. పూర్తి వేగంలో వచ్చి వెనక కాళ్ల మీద జారుతూ ఆగాలి. ప్రతి రౌతుకీ మొదట 70 మార్కులుంటాయి. ఒక్కో విన్యాసానికి ఒకటిన్నర దాకా కలపొచ్చు, అంతే తగ్గించొచ్చు. ఇదంతా పగ్గం వదులుగా వేలాడుతుండగానే జరగాలి. ఆగమని చెప్పడానికి చాలామంది రౌతులు నోటితో "వో" అంటారు. గన్నర్‌కు ఆ మాట వినపడే అవకాశమే లేదు.

ముఖం మీద తెలుపు ఎక్కువగా ఉన్న కొన్ని గుర్రాల్లో ఈ చెవుడు కనిపిస్తుంది. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు లోపలి చెవిలో కూడా ఉండాలి. అక్కడి ద్రవంలో లవణాల సమతూకం నిలబడటానికి అవి అవసరం. అవి లేకపోతే శబ్దాన్ని పట్టే సూక్ష్మమైన రోమకణాలు బతకవు.

మరి గన్నర్ ఎలా ఆగింది? రౌతు "వో" అనేటప్పుడు అతని ఒళ్లు కూడా మాట్లాడుతుంది. నడుము వదులై బరువు జీనులోకి దిగుతుంది, పిక్కలు డొక్కల నుంచి పక్కకు జరుగుతాయి. గుర్రం చర్మం మీద ఈగ వాలినా అక్కడి కండ ఒక్కటే అదురుతుంది. అంత సున్నితమైన ఒంటికి రౌతు నడుము కదలిక చాలు.

రైనింగ్ ట్రైనర్ వృత్తి అంతా ఈ స్పర్శ మీదే నిలబడి ఉంది. రెండేళ్ల గుర్రప్పిల్లకు పక్కకు జరగడం నేర్పుతున్నారనుకోండి. ట్రైనర్ కుడి పిక్కను డొక్కకు ఆనిస్తాడు. పిల్ల మొదట తల ఎగరేస్తుంది. తర్వాత నాలుగడుగులు ముందుకేస్తుంది. ట్రైనర్ ఒత్తిడి పెంచడు, తగ్గించడు. చివరికి ఎటూ తోచక ఎడమకు ఒక్క అడుగు వేస్తుంది. ఆ గిట్ట నేల మీద ఆనీ ఆనకముందే కాలు తీసేయాలి. ఒత్తిడి పోవడమే దానికి బహుమతి. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని ఋణాత్మక పునర్బలనం అంటారు. కాలు తీయడం ఆలస్యమైతే పాఠమే మారిపోతుంది. ఎందుకంటే ఒత్తిడి పోయిన క్షణంలో తను ఏం చేస్తోందో గుర్రం దాన్నే నేర్చుకుంటుంది. అది తల ఎగరేస్తున్నప్పుడు కాలు తీశారా, రేపు కాలు ఆనించగానే తల ఎగరేస్తుంది. గట్టిగా పట్టడం ఎవరికైనా వస్తుంది. సరిగ్గా ఎప్పుడు వదలాలో తెలియడమే ఈ పనిలో అసలు విద్య అని నేను నమ్ముతాను. 2006లో అమెరికా ట్రైనర్ స్టేసీ వెస్ట్‌ఫాల్ జీను, కళ్లెం రెండూ లేకుండా ఒహాయోలో ఒక పోటీ ప్రదర్శన ఇచ్చి గెలిచారు. అందులో మాయ ఏమీ లేదు. అన్నేళ్లుగా సరైన క్షణంలో వదులుతూ వచ్చిన ఫలితం అది.

జారుతూ ఆగడంలో భౌతిక శాస్త్రం కూడా ఉంది. 450 కిలోల గుర్రం సెకనుకు 8 మీటర్ల వేగంతో వచ్చి 8 మీటర్లు జారి ఆగిందనుకుందాం. దానికి రెండు సెకన్లు పడుతుంది. ఒంటిని వెనక్కి లాగే బలం సగటున 1,800 న్యూటన్లు. అదే వేగం నుంచి 2 మీటర్లలో ఆగితే ఆ బలం 7,200 న్యూటన్లవుతుంది. అదంతా వెనక కీళ్ల మీదే పడుతుంది. అందుకే వెనక గిట్టలకు వెడల్పాటి, నున్నటి లాడాలు వేస్తారు. మేకుల తలలు కూడా పైకి తేలకూడదు. నేల కింద గట్టి మట్టి, పైన వదులు ఇసుక ఉండాలి. వెనక కాళ్లు జారుతుంటే ముందు కాళ్లు నడుస్తూనే ఉంటాయి. మామూలుగా నిలబడ్డ గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీదే ఉంటుంది. ఆ బరువును వెనక్కి మళ్లించేలా నడుము కండరాలను పెంచడానికి నెలల తరబడి సాధన కావాలి.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు ఎక్కువగా పెద్ద ట్రైనర్ దగ్గర చేరి, ఆయన గుర్రాలను వార్మప్ చేస్తూ మొదలుపెడతారు. తర్వాత అసిస్టెంట్. ఆ తర్వాత కొందరు సొంత శిక్షణశాల పెట్టుకుంటారు. ఇటలీ నుంచి వచ్చిన ఆండ్రియా ఫప్పానీ కూడా అమెరికాలో టాడ్ బెర్గెన్ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేశాకే పేరు తెచ్చుకున్నారు. గుర్రం యజమాని వేరొకరు, నెలనెలా ఫీజు కట్టేది ఆయనే. ఫ్యూచురిటీ మూడేళ్ల గుర్రాలకు మాత్రమే కాబట్టి ఒక్కో గుర్రానికి అవకాశం ఒక్కసారే. ట్రైనర్ టెన్షన్ అంతా ఇక్కడే.

నన్ను కలవరపెట్టేదీ ఇదే. మూడేళ్లకు పోటీలో దిగాలంటే రెండేళ్లకే జీను ఎక్కాలి. గుర్రం కాళ్ల కింది భాగంలో ఎముకల పెరుగుదల అప్పటికి చాలావరకు ఆగిపోతుంది, కానీ వెన్నుపూసల్లో ఐదేళ్లు దాటినా సాగుతూనే ఉంటుంది. వెనక కాలి మధ్యలో ఉండే హాక్ అనే కీలు అరగడం, దాని కింది లిగమెంటు దెబ్బతినడం రైనింగ్ గుర్రాల్లో వైద్యులు తరచూ చూసే సమస్యలు. అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య 2000లో రైనింగ్‌ను చేర్చుకుంది, 2021లో తన క్రీడల నుంచి తీసేసింది. గుర్రాల వయసు, మందుల నిబంధనల మీద అమెరికా సంఘాలతో కుదరకపోవడం అందుకు ముఖ్యమైన కారణాల్లో ఒకటి. ఆ సమాఖ్య నిర్వహించిన 2010 ప్రపంచ క్రీడల్లో, కెంటకీలో, టామ్ మెకచన్ వ్యక్తిగత స్వర్ణం గెలిచింది గన్నర్ కొడుకు గన్నర్స్ స్పెషల్ నైట్ మీద.

నాలుగేళ్లు నిండిన గుర్రాలకు డెర్బీలనే పోటీలు ఉన్నాయి. "ఇది ఇంకా సిద్ధంగా లేదు, వచ్చే ఏడాది డెర్బీకి తీసుకెళ్దాం" అని యజమానికి చెప్పే ట్రైనర్ ఫ్యూచురిటీ సొమ్మును వదులుకుంటాడు. యజమానికి కోపం వస్తే గుర్రాన్ని ఇంకొకరి దగ్గరికి తోలుకుపోతాడు. అయినా ఆ మాట చెప్పగలిగినవాళ్ల దగ్గరే నా గుర్రమైనా ఉండాలని కోరుకుంటాను.