పికప్ ఇంజిన్ దించే ముందు

చిత్తూరు

పిల్లలూ,

తాత దీవెనలు. మామిడికాయల లోడుతో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు మన పాత పికప్ నల్లగా పొగ కక్కుతోందని, లాగడం లేదని రాశారు. పొగ చూసిన వాళ్లెవరో ఇంజిన్ బోరుకొచ్చింది, అంటే సిలిండర్లు లోపల అరిగిపోయాయి, దించాల్సిందే అన్నారట. మీ నాన్నకు అదే టెన్షన్ పట్టుకుందని కూడా రాశారు. తొందరపడొద్దని ఆయనకు చెప్పండి. నల్లపొగ ఒక్కటీ చూసి ఇంజిన్ పోయిందని చెప్పేవాళ్ల మాట నేను ఒప్పుకోను. ఎందుకో అర్థం కావాలంటే ముందు డీజిల్ ఇంజిన్‌లో మంట ఎలా పుడుతుందో తెలియాలి.

పెట్రోలు బండిలో ఉన్నట్టు దీనికి స్పార్క్ ప్లగ్ ఉండదు. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం మీకు తెలిసిందే. గాలిని గట్టిగా నొక్కితే వేడి పుడుతుంది. పాత డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ సిలిండర్ నిండా ఉన్న గాలిని సుమారు ఇరవయ్యో వంతు జాగాలోకి నొక్కేస్తుంది. అప్పుడు ఆ గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిల్ డీజిల్‌ను సన్నటి తుంపరగా చల్లితే అదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో నడిపి చూపించింది ఇదే పద్ధతి. కాబట్టి ఈ ఇంజిన్‌కు కావలసినవి మూడే: చాలినంత గాలి, సమయానికి డీజిల్, గట్టి కంప్రెషన్. ఇంజిన్ మొరాయించిందంటే ఈ మూడింటిలో ఏదో తగ్గిందన్నమాట. ఏది తగ్గిందో పొగే చాలావరకు చెబుతుంది.

నల్లపొగ అంటే డీజిల్ పడుతోంది కానీ పూర్తిగా కాలడం లేదు. ముందు గాలి చాలడం లేదేమో చూడాలి. మీరు నెల రోజులుగా మామిడి తోటల ఎర్రమట్టి దారుల్లో తిరుగుతున్నారు. ఎయిర్ ఫిల్టర్ తీసి ఎండకు ఎత్తి పట్టుకోండి, మడతల్లోంచి వెలుతురు రాకపోతే అది పూడిపోయినట్టే. టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పంపు, ఉన్న బండి అయితే దాని నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు పైపు అడుగు భాగాన్ని చేత్తో తడమండి. చీలిక చాలాసార్లు కంటికి కనబడని వైపే ఉంటుంది. లోడు పడినప్పుడు అది విచ్చుకుని గాలి వదిలేస్తుంది, ఖాళీగా నడిపితే ఏమీ తెలియదు. ఇవి రెండూ బాగుంటే అప్పుడు నాజిళ్లను అనుమానించాలి. తుంపరగా చల్లాల్సింది ధారగా కారుస్తుంటే కూడా నల్లపొగే వస్తుంది.

బండి లాగకపోయినా పొగ మాత్రం రావడం లేదనుకోండి, అప్పుడు కథ తిరగబడుతుంది. గాలి ఉంది, డీజిలే అందడం లేదు. డీజిల్ ఫిల్టర్ పూడి ఉండొచ్చు, దాని అడుగున నీళ్లు చేరి ఉండొచ్చు. ఇంజిన్ అరుపు పెరిగినా వేగం పెరగకపోతే అది క్లచ్ జారడం, ఇంజిన్ తప్పు కాదు. ఇంకొకటి కూడా చూడండి. ఘాట్ ఎక్కి బండి ఆపగానే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా వేడి చూడండి. ఒక్క చక్రం దగ్గర మాత్రం సెగ కొడుతుంటే బ్రేక్ పట్టేసి ఉంది. పాపం ఇంజిన్ లోడుతో పాటు ఆ బ్రేకునూ లాగుతోంది.

తెల్లపొగ వేరే సంగతి. చలికాలం పొద్దున పలమనేరు వైపు స్టార్ట్ చేయగానే కాసేపు తెల్లగా వచ్చి, వేడెక్కాక ఆగిపోతే భయం లేదు. చలిలో స్టార్ట్ అయ్యేందుకు లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులు ఉన్న ఇంజిన్ అయితే అవి పనిచేస్తున్నాయో లేదో చూపించండి, చాలు. వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ, రేడియేటర్ నీళ్లు తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే ఇంజిన్ పైభాగం కింద ఉండే సీలును, అనుమానించాలి. ఆయిల్ చూసే కడ్డీ, అదే డిప్ స్టిక్, దాని మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఇక బండి స్టార్ట్ చేయొద్దు. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. బోరు, పిస్టన్ రింగులు, వాల్వుల మాట వచ్చేది ఇక్కడే. ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తూ, ఉండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి ఊరికే పైన ఆనించి చూడండి. మూత ఎగిరెగిరి పడుతూ పొగ గుప్పుగుప్పున కొడితే దాన్ని మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు, పిస్టన్ పక్కనుంచి గాలి కిందికి కారుతోందన్నమాట. నీలం పొగా, ఇదీ రెండూ ఉంటేనే ఇంజిన్ దించే ఆలోచన చేయాలి.

స్టార్టింగ్ ట్రబుల్ గురించి కూడా అడిగారు. సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే బ్యాటరీ చూడాలి. నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ డల్ అయింది. దానికంటే ముందు టెర్మినళ్ల మీద తెల్లపొడి, ఎర్త్ వైరు బిగువు చూసుకోండి. సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే, లేదా అందుకుని వెంటనే ఆగిపోతే డీజిల్ లైన్లో గాలి చేరి ఉండొచ్చు. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున్నే ఇలా చేస్తే ఏదో పైపు దగ్గరో వాషర్ దగ్గరో సందుంది, డీజిల్ వెనక్కి జారిపోతోంది.

గాలి తీయడం మీరే నేర్చుకోవచ్చు. డీజిల్ ఫిల్టర్ పైనున్న బ్లీడ్ స్క్రూను రెండు చుట్లు వదులు చేసి, హ్యాండ్ ప్రైమర్‌ను, అంటే చేత్తో నొక్కే చిన్న డీజిల్ పంపును, నొక్కుతూ ఉండాలి. ముందు ఉత్త నురగ వస్తుంది. తర్వాత బుడగలు, తుస్సు తుస్సుమనే చప్పుడు. ఇంకా నొక్కితే బుడగ లేకుండా నిండుగా డీజిల్ కారుతుంది, ప్రైమర్ కూడా చేతికి గట్టిగా తగులుతుంది. డీజిల్ కారుతుండగానే స్క్రూ బిగించాలి. ఆపి బిగిస్తే మళ్లీ గాలి దూరుతుంది.

ఇంజిన్ కుంటుతూ మిస్సింగ్ ఇస్తుంటే ఏ సిలిండర్ పనిచేయడం లేదో పట్టుకునే పద్ధతి ఒకటుంది. ఐడిల్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టును కొద్దిగా వదులు చేస్తారు. మంచి సిలిండర్‌ది వదులు చేస్తే ఇంజిన్ ఇంకా కుంటుతుంది. చచ్చిన సిలిండర్‌ది వదులు చేస్తే తేడా ఏమీ ఉండదు. మెకానిక్ చేస్తుంటే పక్కన నిలబడి చెవితో వినండి, మీరు మాత్రం చెయ్యి పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. ఈ పద్ధతి కూడా పాత రకం పంపు ఉన్న బండికే. అన్ని నాజిళ్లకూ ఒకే పైపు నుంచి డీజిల్ అందించే ఇప్పటి కామన్ రైల్ బండ్లలో 1000 బార్‌లు దాటిన ఒత్తిడి ఉంటుంది, నడుస్తుండగా ఆ నట్ల జోలికి ఎవరూ పోకూడదు.

ఇక వేడి సంగతి. పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు క్యూలో నిలబడ్డప్పుడు టెంపరేచర్ ముల్లు పైకెక్కి, రోడ్డెక్కగానే దిగిపోతే ఫ్యాన్, ఫ్యాన్ బెల్ట్ చూడండి. నిలబడ్డ బండికి ఫ్యాన్ గాలే దిక్కు. క్యూలో బాగుండి ఘాట్‌లో వేడెక్కితే రేడియేటర్ పూడిందేమో, వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోవడం లేదేమో చూపించాలి. మన బోరు నీళ్లు పోసి పోసి ఎన్ని రేడియేటర్లు లోపల సున్నం కట్టాయో! దయచేసి కూలెంటే పోయమనండి. వేడి మీద రేడియేటర్ క్యాప్ మాత్రం ఎవరూ తీయొద్దు. లోపల ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఇదీ. రేపు పొద్దున చల్లటి ఇంజిన్ మీద డిప్ స్టిక్, కూలెంట్ చూసి కాగితం మీద రాసుకోండి. తర్వాత ఎయిర్ ఫిల్టర్ ఒక్కటే మార్పించండి. డీజిల్ ఫిల్టర్ కూడా అదే రోజు మార్చేస్తే రోగం దేనిదో మనకు తెలియదు. అదే లోడుతో, అదే ఘాట్, అదే గేరులో ఎక్కమనండి. పొగ తగ్గిందా, రంగు మారిందా, సరిగ్గా ఏ మలుపు దగ్గర మొదలైందో చూసి నాకు రాయండి. అప్పటిదాకా ఇంజిన్ దించడానికి ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దని మీ నాన్నకు చెప్పండి.

మీ తాత