రక్తం ఆపే మందు మన ఆపరేషన్ థియేటర్ల దాకా రావడానికి ఎందుకింత లేటయింది

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా పెద్ద ఆపరేషన్ అనగానే ఇంట్లోవాళ్లకి పడే మొదటి పని రక్తం వెతుక్కోడం. "రెండు యూనిట్లు చూసుకోండి" అంటారు, ఇంక అక్కణ్ణుంచి వాట్సాప్ గ్రూపులన్నీ తిరగడమే, నెగెటివ్ గ్రూపయితే ఆ కంగారు చెప్పక్కర్లేదు. ఆ అవసరాన్ని కొంతైనా తగ్గించే మందు ఒకటుంది, ట్రానెక్సామిక్ యాసిడ్. మోకాలి చిప్ప మార్చేటప్పుడు మత్తు డాక్టర్లు ఇప్పుడు మామూలుగా ఎక్కిస్తున్నారు. నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువైతే డాక్టర్లు రాసే పాజ్, ట్రాపిక్ బిళ్లల్లో ఉండేదీ ఇదే.

కొత్తదేం కాదు. 1962లో జపాన్‌లో ఉతాకో ఒకమోటో, ఆవిడ భర్త షొసుకే కలిసి బయటపెట్టారు. కాన్పులో రక్తం పోయి చచ్చిపోయే ఆడవాళ్లని కాపాడాలన్నది వాళ్ల ఆలోచన. ఆవిడ చిన్నపిల్లని వీపుకి కట్టుకుని ల్యాబ్‌లో పనిచేసేవారట. ఒంట్లో రక్తం గడ్డకడుతుంటే ఇంకోపక్క ప్లాస్మిన్ అనే ఎంజైము ఆ గడ్డని కరిగించేస్తుంటుంది, ఈ మందు దానికి అడ్డుపడుతుంది, అంటే గట్టు తను వెయ్యదు, వేసిన గట్టు కోసుకుపోకుండా చూస్తుంది. ఇంత తెలిసినా అక్కడి కాన్పు డాక్టర్లు దాన్ని సరిగ్గా పరీక్షించి చూడ్డానికి ముందుకి రాలేదు. ఎన్నో ఏళ్లు పళ్లు పీకేటప్పుడు హిమోఫీలియా (పుట్టుకతోనే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) వాళ్లకి, నెలసరి సమస్యకి వాడుతూ గడిపేశారు.

మధ్యలో గుండె ఆపరేషన్లలో అప్రోటినిన్ అని ఇంకోటి వెలిగింది, పశువుల ఊపిరితిత్తుల్నించి తీసేది, ఖరీదు కూడా ఎక్కువే. ఒక పెద్ద ట్రయల్‌లో అది వాడినవాళ్లలో చావులు ఎక్కువ కనబడేసరికి 2007లో అమ్మకాలు ఆపేశారు. అప్పుడుగానీ చవకగా పడున్న పాత మందు మీద గుండె సర్జన్ల చూపు గట్టిగా పడలేదు. పేటెంటు లేని మందు మీద ఖర్చుపెట్టి పరిశోధన చేసే కంపెనీ ఏదుంటుంది చెప్పండి, నాకైతే లేటుకి అసలు కారణం అదే అనిపిస్తుంది.

కథ తిరిగింది 2010లో. క్రాష్-2 అనే ట్రయల్‌లో 40 దేశాల్లో 20 వేలకి పైగా గాయాల పేషెంట్లని తీసుకుని వాళ్లలో సగంమందికి ఇచ్చి చూస్తే మరణాలు తగ్గాయి, కానీ దెబ్బ తగిలిన 3 గంటల్లోపే ఇవ్వాలి, దాటితే మేలుకి బదులు కీడే కావచ్చు. మన హైవే మీద యాక్సిడెంటయి విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్లేలోపు ఎంత టైము పోతుందో తెలిసినవాళ్లకి ఆ 3 గంటల విలువ అర్థమవుద్ది. 2017లో ఉమన్ ట్రయల్ వచ్చింది, కాన్పు తర్వాత రక్తస్రావానికి కూడా పనిచేస్తుందని తేలింది, ఉతాకో ఒకమోటో గారు 2016లోనే పోయారు, ఫలితం చూళ్లేదు.

ఆపరేషన్ల సంగతికొస్తే 2022 నాటి పోయిజ్-3 ట్రయల్‌లో, గుండెవి కాని ఆపరేషన్లలో, ప్రమాదకరమైన రక్తస్రావం మందు ఇవ్వనివాళ్లలో 11.7 శాతం, ఇచ్చినవాళ్లలో 9.1 శాతం. గడ్డలు వేరేచోట అడ్డుపడి పక్షవాతమో గుండెపోటో వస్తుందన్న భయం ఉంది కదా, లెక్కల్లో పెద్ద తేడా రాలేదుగానీ ప్రమాదం లేనేలేదని తేల్చడానికి ఆ స్టడీ చాల్లేదు. పెద్ద డోసులో ఇస్తే ఫిట్స్ రావొచ్చు కూడా.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ఈ మందు దాదాపు మొత్తం కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల ఒంట్లో పేరుకుపోతుంది, అందుకే డోసు తగ్గించి ఇస్తారు. కవిటి, సోంపేట, పలాస వైపునుంచి ఏ ఆపరేషన్‌కి వెళ్లినా పాత క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) రిపోర్టులు పట్టుకెళ్లి మత్తు డాక్టర్‌కి ముందే చూపించండి, డయాలసిస్‌లో ఉంటే ఆ మాట కూడా వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి.