పండ్లకు మాట చాలు, భూమికి చాలదు

పిల్లలూ,

కాగితం మీద రాయని ఒప్పందం చెల్లదని మీలో చాలామంది అనుకుంటున్నరు. అన్నిటికీ అట్ల కాదు.

మన నల్లగొండ బత్తాయి తోటలే చూడండి. కాయ చెట్టు మీదున్నప్పుడే వ్యాపారి తోటంతా తిరిగి, గుత్తకు ధర మాట్లాడి, బయానా చేతిలో పెట్టి పోతడు. కాగితం ఉండదు. అయినా ఆ మాట చెల్లుతుంది. ఇష్టపూర్వకంగా, ప్రతిఫలం మాట్లాడుకుని, సక్రమమైన పనికి కుదిరిన నోటి ఒప్పందాన్ని 1872 కాంట్రాక్టు చట్టం ఒప్పుకుంటుంది. చెట్టు మీది పండును 1908 రిజిస్ట్రేషన్ చట్టం భూమిలెక్క కాకుండా చరాస్తిగానే లెక్కగట్టింది, అందుకే దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాకపోతే రేపు అతను కాదంటే రుజువు చేసుకోవాల్సింది మీరే.

చేబదులు కూడా అంతే, నోటిమాటతో ఇచ్చినా బాకీ బాకీయే. కానీ మామూలుగా మూడేళ్లు దాటితే దావా వేయలేరు. ఆ తర్వాత బాకీదారు "ఇస్తలే కాకా" అని ఎన్నిసార్లన్నా కోర్టు లెక్కలోకి తీసుకోదు. ఇస్తానని రాసి సంతకం పెడితేనే మళ్లీ ప్రాణం వస్తుంది.

అదే చెట్ల కింది నేల కొనాలంటే మాట చాలదు, ఉత్త రాత కూడా చాలదు. వంద రూపాయలు, ఆపైన విలువున్న భూమి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే జరగాలని 1882 ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్. ఇవాళ వంద రూపాయలకు గుంట జాగ ఎక్కడొస్తుంది? కాబట్టి అన్ని భూములకూ ఇదే. దానంగా ఇచ్చినా రిజిస్ట్రేషన్ కావాలి, ఇద్దరు సాక్షులూ కావాలి. ఇల్లు ఏడాదికి మించి కిరాయికిచ్చినా రిజిస్ట్రేషన్ తప్పదు. కిరాయి కాగితాల్లో పదకొండు నెలలని రాసేది అందుకే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది సాదాబైనామా. తెల్లకాగితం మీద నాలుగు హద్దులు, అమ్మినాయన వేలిముద్ర, కింద పెద్దమనుషుల సంతకాలు. మడతల దగ్గర చినిగిన ఆ కాగితాన్ని ట్రంకు పెట్టెలో దాచుకుని, పైసలన్నీ కట్టి ఏండ్లుగా దున్నుకుంటున్న కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో. పట్టా మాత్రం అమ్మినాయన పేరనే. పాసుపుస్తకం లేక బ్యాంకు పంటరుణమియ్యదు. అమ్మినాయన పోయినంక కొడుకులు వచ్చి పొలం మాదంటరు. మోసం చేయాలనుకున్నవాళ్లు కాదు ఇట్ల కొన్నవాళ్లు. రిజిస్ట్రేషన్ ఖర్చుకు వెనకాడినవాళ్లు, మాటను నమ్మినవాళ్లు.

2014 జూన్ 2కు ముందు ఇట్ల కొని, పన్నెండేండ్లకు తక్కువ కాకుండా సాగులో ఉండి, 2020లో దరఖాస్తు పెట్టుకున్న సన్న, చిన్నకారు రైతులకు 2025 తెలంగాణ భూభారతి చట్టం పట్టా చేయించుకునే ఒక దారి చూపింది. ఇంట్లో అడగండి: మన పొలం పట్టా ఎవరి పేర ఉంది? సాదాబైనామా అయితే అప్పుడు దరఖాస్తు పెట్టినమా? ఆ రసీదు ఎక్కడుంది?

మీ తాత