అపోహలు – వాస్తవాలు: "అన్నం తినకపోయినా పాలు తాగుతున్నాడు కదా"

మొన్న సోమవారం ఒకమ్మాయి తన 3 ఏళ్ల బాబును ఎత్తుకుని వచ్చింది. బాబు బరువు 11.5 కిలోలు. "మేం గుడ్డు కూడా ముట్టుకోం మేడమ్. అందుకే ఒళ్లు చేయడం లేదని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అంటున్నారు. అన్నం గిన్నె చూస్తే నోరు బిగించేస్తాడు. పాలొక్కటే కాస్త ధైర్యం" అంది. రోజుకి ఎన్ని పాలమ్మా అని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టింది. లేవగానే ఒక గ్లాసు. టిఫిన్ తినలేదని పదింటికి ఇంకో గ్లాసు. మధ్యాహ్నం నిద్రపుచ్చడానికి సీసా. సాయంత్రం పొడి కలిపి మరో గ్లాసు. రాత్రి మళ్లీ సీసా. మొత్తం లీటరు దాటింది. బాబు కింది రెప్ప కొంచెం లాగి చూశాను. ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయి ఉంది, అంటే రక్తం తక్కువుందన్నమాట.

పిల్లల ఆసుపత్రిలో డైటీషియన్‌గా 16 ఏళ్ల నుంచి పనిచేస్తున్నాను. ఇదే కథ వారానికి నాలుగైదుసార్లు వింటాను. ఆ తల్లుల మీద నాకు కోపం లేదు. తిండి తినని పిల్లాడితో రోజంతా గడపడం ఎంత కష్టమో నాకు తెలుసు. కోపమంతా "పాలు పట్టు, అన్నీ అందులోనే ఉన్నాయి" అని చెప్పి వెళ్లిపోయేవాళ్ల మీద.

అపోహ: పాలు తాగితే చాలు, బలం అదే వస్తుంది

లెక్క చూడండి. లీటరు టోన్డ్ పాలలో దాదాపు 600 కేలరీలుంటాయి. ఆ వయసు పిల్లాడికి రోజు మొత్తానికి కావాల్సింది సుమారు 1,100. అంటే సగానికి పైగా పాలతోనే నిండిపోయింది. ఇక అన్నం వేళకి ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? మనం "మారాం చేస్తున్నాడు" అంటాం. వాడికి నిజంగానే ఆకలి లేదు.

దీనికంటే పెద్ద నష్టం ఐరన్ దగ్గర జరుగుతుంది. 1 నుంచి 3 ఏళ్ల పిల్లలకు రోజుకి 8 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. లీటరు పాలు తాగినా మహా అయితే అర మిల్లీగ్రాము వస్తుంది. పైగా పాలలోని కాల్షియం, తిన్న ఆ రెండు ముద్దల్లోని ఐరన్‌ను కూడా ఒంటికి పట్టనివ్వదు. ఐరన్ తగ్గితే ఆకలి చచ్చిపోతుంది. ఆకలి లేక అన్నం తినడు. తినలేదని తల్లి ఇంకో గ్లాసు పాలు పడుతుంది. ఈ సుడిలో పడిన పిల్లలకు ఎన్ని టానిక్కులు పోసినా బరువు పెరగరు. బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తింటున్నాడని చెబితే నేను తిట్టను, దిష్టి తీయమనీ చెప్పను. అది ఐరన్ లోపానికి గుర్తు కావచ్చు కాబట్టి వెంటనే రక్తపరీక్ష చేయించమంటాను.

ఇది నా ఇంట్లోనే జరిగింది. పాపకి ఏడాదిన్నర రాగానే నేను మళ్లీ ఉద్యోగంలో చేరాను, మా అమ్మ చూసుకునేది. మధ్యాహ్నం ఫోన్ చేస్తే "ఈ రోజు అరలీటరు తాగేసిందే!" అని సంబరంగా చెప్పేది. నేనూ సంతోషించేదాన్ని. రెండున్నరేళ్ల వయసులో పాప గోడ సున్నం గోకి నాకుతుంటే అల్లరి అనుకున్నాను. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8. ఆ ఏజ్‌లో 11 ఉండాలి. ఆ రిపోర్ట్ చూసి మా అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. ఆవిడ తప్పేముంది? ఆవిడ పెరిగిన రోజుల్లో ఇంట్లో గేదె ఉన్నా పిల్లలకి దక్కేది అర గ్లాసు పాలే. లీటరు తాగే పిల్లని ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఏం చేశానో, ఇప్పుడు అందరికీ అదే చెబుతున్నాను. పాలు, పెరుగు కలిపి రోజుకి 400 మిల్లీలీటర్లు దాటొద్దు. అందులో దాదాపు 480 మిల్లీగ్రాముల కాల్షియం వస్తుంది, కావాల్సింది 500. మిగతాది ఒక్క రాగి దోసెతో సరిపోతుంది. పాలు భోజనానికి ముందు కాదు, తర్వాతా వెంటనే కాదు, రెండు భోజనాలకి మధ్య వేళల్లో ఎప్పుడైనా. గ్లాసుతోనే, సీసా వద్దు. అలాగని పూర్తిగా మానిపించొద్దు. మాంసం, గుడ్డు తినని ఇంట్లో విటమిన్ బి12 వచ్చేది పాలు, పెరుగు నుంచే. మొదటి మూడు నాలుగు రోజులు ఏడుస్తాడు. అప్పుడే అందరూ లొంగిపోతారు. దయచేసి ఆ నాలుగు రోజులు ఓపిక పట్టండి.

ఐరన్ మందు మోతాదు బిడ్డ బరువును బట్టి డాక్టరే రాయాలి. కానీ రాసిన మందును పాలలో కలిపి పట్టేవాళ్లు ఎంతమందో! అలా చేస్తే సగం వృథా. భోజనాల మధ్యలో, కాస్త నిమ్మరసం నీళ్లతో ఇవ్వండి. రంగు వచ్చిందని నెలకే ఆపేయొద్దు. హిమోగ్లోబిన్ సరైన తర్వాత కూడా రెండు మూడు నెలలు వాడాలి.

అపోహ: శాకాహారం కాబట్టే బరువు పెరగడు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. మన రాష్ట్రాల్లో ఎక్కువ ఇళ్లు మాంసాహారులవే. మరి ఆ పిల్లలందరికీ ఎందుకొచ్చింది?

మన పిల్లల గిన్నెలో లోపం పప్పన్నం కాదు, నీళ్లు. పలచని చారన్నం, పప్పు మీది తేట, నీళ్ల జావ. పిల్లాడి పొట్ట వాడి పిడికిలంత అనుకోండి, దాన్ని నీళ్లతో నింపేస్తున్నాం. గట్టి ముద్దపప్పు కలపండి, ముద్దకి ముద్దకి నెయ్యి తగలాలి. ఒక చెంచా నెయ్యి 45 కేలరీలు. కందిపొడి, పల్లీల పొడి, నువ్వుల పొడి మార్చి మార్చి వేయండి. పప్పులో చివర్న నిమ్మరసం పిండితే ఐరన్ బాగా ఒంటపడుతుంది, భోజనం తర్వాత జామ ముక్క పెట్టినా అంతే. సాయంత్రం బిస్కెట్ బదులు సున్నుండ. పల్లీలు మాత్రం అయిదేళ్ల లోపు గింజలుగా ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి. నువ్వులు వేడి, అరటిపండు జలుబు అనే మాటలు వదిలేయండి.

అపోహ: వెంటపడి కుక్కకపోతే పస్తుంటాడు

ఫోన్ చూపిస్తూ గంటసేపు తినిపిస్తే వాడికి తన ఆకలి తనకే తెలియకుండా పోతుంది. అందరితో కూర్చోబెట్టండి, అరగంట చాలు, తర్వాత గిన్నె తీసేయండి. వాడు వద్దన్న కూరని పది పదిహేను సార్లు కంచంలో ఒక ముక్క వేస్తూ ఉండండి. రెండుసార్లు ఉమ్మాడని "వీడికి బెండకాయ పడదు" అని తీర్మానించేయకండి.

అపోహ: ఆకలి సిరప్, హెల్త్ డ్రింక్ పడితే బరువు పెరుగుతాడు

ఆకలి పెంచే సిరప్పుల్లో చాలావాటిలో ఉండేది సైప్రోహెప్టడిన్. అది అసలు అలర్జీ మందు. మగతగా ఉంటారు, ఆపగానే ఆకలి మళ్లీ మొదటికొస్తుంది. సొంతంగా కొనొద్దు. ఇక పొడులంటారా, ఆహార భద్రత చట్టంలో "హెల్త్ డ్రింక్" అనే మాటే లేదని, ఆన్‌లైన్ అంగళ్లలో ఆ వర్గం నుంచి ఈ పానీయాలు తీసేయమని 2024 ఏప్రిల్‌లో కేంద్రమే చెప్పింది. ఆ డబ్బుతో పల్లీలు, బెల్లం కొనండి.

అపోహ: పక్కింటి పాప బొద్దుగా ఉంది, మావాడు బక్కగా ఉన్నాడు

మొదటి ఏడాది ఆరేడు కిలోలు పెరిగిన బిడ్డ, రెండేళ్లు దాటాక ఏడాదికి రెండు కిలోలే పెరుగుతాడు. ఆకలి తగ్గడం సహజం. బరువు చార్టులో వాడి గీత పైకి వెళ్తూ ఉంటే టెన్షన్ పడకండి. మూడు నాలుగు నెలలుగా బరువు కదలకపోయినా, తగ్గినా, తరచూ విరేచనాలు, వాంతులు, వదలని జ్వరం ఉన్నా డాక్టర్‌కి చూపించండి, నా పోస్టులు చదువుతూ కూర్చోకండి.

నిన్న రాత్రి సోమవారం వచ్చిన ఆ అమ్మాయి ఫోన్ చేసింది. బాబుకి మోషన్ నల్లగా అయిందని ఏడుస్తోంది. ఐరన్ వేస్తే అలాగే అవుతుందమ్మా, ఆపొద్దు అన్నాను. సీసా ఏం చేశారని అడిగాను. వాళ్లత్తగారు అటక మీద పెట్టేశారట. నాలుగు వారాలకి రక్తపరీక్షకి రమ్మన్నాను.